ఆఫీసరమ్మ కాళ్ళకు పౌడరు

మనిషికి ఎవరి మీదైనా ప్రేమ పుట్టాలంటే ఒక కారణం ఉండాలి. రేపాయనకు ఆ కోడిపెట్ట మీద ప్రేమ పుట్టడానికి కారణం, అది కూడా ఏ పనీ చెయ్యదు.

రేపాయన అసలు పేరు ఇంట్లోవాళ్ళే మరిచిపోయారు. ఏ పని చెప్పినా "రేపు చూద్దాంలే" అంటాడని అత్తగారు పెట్టిన పేరది. ఆవిడ కొనిపెట్టిన చొక్కా ఏడాదికే చిరిగిపోయింది గానీ, పెట్టిన పేరు మాత్రం ఇప్పటికీ గట్టిగానే ఉంది.

వాళ్ళకున్నది నాలుగెకరాలు. ఒకప్పుడు ఆ నేలలో గునపం దించితే గునపమే వంగేది. ఆరేళ్ళ కిందట భార్య ఎక్కడో మూడు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చి, "మందులు పోసి పోసి నేలను చంపేశామండీ, మళ్ళీ బతికించాలి" అంది. బతికున్న మొగుణ్ణి పట్టించుకునే దిక్కు లేదు గానీ చచ్చిన నేలకు డాక్టరమ్మ దొరికిందని ఆయన అనుకున్నాడు. అనుకోవడం ఆయన అలవాటు. అనడం ఆవిడ అలవాటు.

నేలను బతికించడమంటే ఇదీ. పొలాన్ని వల కంచెతో చిన్న చిన్న మళ్ళుగా విడగొడతారు. ముందు ఒక మడిలో ఆవులు మేస్తాయి. మూడు రోజులాగి అదే మడిలో కోళ్ళు దిగుతాయి. ఆవులు వేసిన పేడను కెలికి, అందులోని పురుగుల్ని ఏరుకుతిని, రెట్ట వేసి ముందుకు పోతాయి. ఆ తర్వాత నెల రోజులు ఆ మడిలో ఎవరూ కాలు పెట్టకూడదు, నేల విశ్రాంతి తీసుకుంటుంది. ఆ ఇంట్లో విశ్రాంతి హక్కుగా దొరికేది నేలకొక్కదానికే.

కోళ్ళు పడుకునేది చక్రాల మీది గూట్లో. దాన్ని కోళ్ళబండి అంటారు. రోజూ తెల్లవారుజామున తాడు పట్టుకుని దాన్ని ఒక బండి పొడవు ముందుకు లాగాలి. ఒకేచోట రెండు రోజులుంటే రెట్ట వేడికి కింద గడ్డి మాడిపోతుంది. ఆరేళ్ళుగా ఆ బండి లాగుతున్నది భార్యే. రేపాయన పుట్టింది తెల్లవారుజామునట. మళ్ళీ ఆ వేళను ఆయన చూసింది లేదు.

అలాగని ఆయనకు పనే లేదనకూడదు. బుధవారం గూట్లో ఊక మార్చాలి, శుక్రవారం ఎరువు కుప్ప తిరగెయ్యాలి. రెండూ చేసేవాడు. బుధవారం పని శుక్రవారం, శుక్రవారం పని మళ్ళీ బుధవారం.

మధ్యాహ్నాలు మాత్రం ఖాళీ లేకుండా గడిచేవి. పశువుల పాక నీడలో మంచం వేసుకుని పడుకునేవాడు. అప్పుడే ఆ పెట్ట వచ్చేది. గోధుమరంగు ఒళ్ళు, పొగరు మెడ. పొలమంతా తిరిగి, ప్రతి మూలా ఒకసారి తొంగిచూసి, ఎక్కడా ముక్కు పెట్టకుండా వచ్చేది. తిరగడం, చూడడం తప్ప ఏమీ చెయ్యదు కాబట్టి దానికి ఆయన ఆఫీసరమ్మ అని పేరు పెట్టాడు. మంచం పక్కన ఒంటికాలి మీద నిలబడి, ఒక కన్ను ఆయన మీద వేసి, ఆయన చెప్పేదంతా వినేది. ఆగిన చోటల్లా "క్రో" అనేది. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగి విన్న ప్రాణి అదొక్కటే.

గొడవ మొదలైంది ఒక శుక్రవారం పొద్దున.

భార్య టిఫిను పళ్ళెం ఆయన ముందు పెడుతూ, "రేపు ఏరివేత" అంది. గుడ్లు పెట్టడం మానేసిన పెట్టల్ని ఏరి సూపు హోటలాయనకు ఇచ్చే రోజది. నెలకోసారి శనివారం ఎనిమిదింటికి ఆయన మోటారుసైకిలు వెనక బుట్ట కట్టుకుని వస్తాడు.

"ఏది పెడుతోందో ఏది పెట్టడం లేదో నీకెలా తెలుస్తుందే? అడుగుతావా?" అన్నాడు రేపాయన.

"కాళ్ళు చూస్తాను."

"కాళ్ళతో పెడతాయా?"

"పచ్చసొనకు ఆ పసుపు రంగు ఎక్కణ్ణుంచి వస్తుందనుకున్నారు? ఒంట్లోంచే దిగుతుంది. గుడ్లు పెట్టే పెట్ట కాళ్ళు పాలిపోతాయి. పనీపాటా లేనిదాని కాళ్ళు నిమ్మపండులా నిగనిగలాడుతుంటాయి."

కిటికీ దగ్గర కూర్చుని పొడిగుడ్డతో గుడ్లు తుడుస్తున్న అత్తగారు ఓరగా ఆయన కాళ్ళవైపు చూసింది. ఆయన కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

"ఈ పొలంలో తిండి తినే ప్రతిదీ నేలకు ఏదో ఒకటి తిరిగివ్వాలి" అంది భార్య. "ఆవు పేడ ఇస్తుంది. కోడి గుడ్డు ఇస్తుంది. వానపాము కూడా ఊరికే కూర్చోదు."

"మరి నేనో?"

"ఆలోచిస్తున్నాను."

రేపాయనకు ఇడ్లీ అయినా అట్టయినా ఆ పూట ఒకటే రుచి. తిన్నదేమిటో చూడకుండానే లేచి పొలంలోకి వెళ్ళాడు. ఆఫీసరమ్మ ఎదురొచ్చింది. దాని కాళ్ళవైపు చూశాడు. నిమ్మపండు కూడా సిగ్గుపడేంత పచ్చగా ఉన్నాయి. పోయిన ఏరివేత అయినప్పటి నుంచీ అది గుడ్డు పెట్టగా చూసినవాళ్ళు లేరు. రేపటికి దానికి బుట్టే గతి.

ఈ లోకంలో తప్పులు చేసినవాళ్ళకు లాయర్లున్నారు, ఏమీ చెయ్యనివాళ్ళ తరఫున మాట్లాడేవాడు ఒక్కడూ లేడు. కాబట్టి ఆ కేసు ఆయనే తీసుకున్నాడు.

ముందు మధ్యాహ్నం పిండి తెచ్చి దాని కాళ్ళకు పూశాడు. అర నిమిషంలో మిగతా కోళ్ళన్నీ వచ్చి దాని కాళ్ళను విందు చేసుకున్నాయి. సున్నం సంగతి ఆలోచించాడు గానీ, వేలికి రాసుకుని చూస్తే వేలే మండింది. చివరికి సాయంత్రం కోళ్ళన్నీ బండెక్కి కమ్మీల మీద సర్దుకున్నాక, భార్య ముఖానికి రాసుకునే క్రీము, దాని మీద భార్య పౌడరు, రెండూ పట్టుకెళ్ళాడు. ఒక్కో వేలికీ వేరువేరుగా రాశాడు. పెళ్ళికూతుర్ని కూడా అంత శ్రద్ధగా ఎవరూ ముస్తాబు చేసి ఉండరు. ఆఫీసరమ్మ కదలకుండా చేయించుకుంది. పనిచేయించుకోవడం దానికి కొత్త కాదు.

శనివారం తెల్లవారుజామున భార్య టార్చి తీసుకుని బయల్దేరేసరికి రేపాయన గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాడు.

"ఏమండీ, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. నేనూ వస్తాను."

"జ్వరమేమైనా..." అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, నమ్మకం కుదరక మెడ మీద కూడా పెట్టి చూసింది.

బండిలో ఒక్కో పెట్టనూ ఎత్తి, కాళ్ళ మీద టార్చి వేసి, పచ్చగా ఉంటే వెనక ఎముకల మధ్య మూడు వేళ్ళు పడుతున్నాయో లేదో చూసింది, పడకపోతే అది గుడ్లు మానేసినట్టే. రెండు బుట్టలోకి వెళ్ళాయి. మూడోది ఆఫీసరమ్మ. ఎత్తింది. కాళ్ళు చూసింది. వాసన చూసింది.

"మల్లెపూల వాసన వస్తోందేంటండీ?"

"కొత్త మడిలో ఏదో పూసినట్టుంది."

"నిన్నటిదాకా దీని కాళ్ళు పచ్చగా ఉన్నాయి."

"దిగులుతో ఒక్క రాత్రిలో మనిషి జుట్టే తెల్లబడుతుందంటారు. కోడి కాళ్ళు ఒక లెక్కా?"

ఆవిడ టార్చిని కోడి కాళ్ళ మీంచి మొగుడి ముఖం మీదికి తిప్పి, అక్కడ కాసేపు ఉంచింది. తర్వాత, "సరే, ఒక వారం చూద్దాం" అంది. బండిలో ఒక మూల తడిక అడ్డం కట్టి, ఊక పరిచి, ఆఫీసరమ్మను అందులో ఒంటరిగా పెట్టింది. "రోజూ ఎనిమిదింటికి వచ్చి చూస్తాను. గుడ్లు పెట్టిందా, ఉంటుంది. లేదా, వచ్చే శనివారం సూపాయనను మళ్ళీ రమ్మంటాను."

రేపాయన గుండె కుదుటపడింది. గుడ్డేగా. ఇంట్లో అరల నిండా గుడ్లే.

ఇక్కడ ఆయన ఒక సంగతి మరిచిపోయాడు. ఎనిమిదింటికి ఆవిడ చూసేది గుడ్డు కోసం. ఐదింటికే వచ్చేది బండి లాగడానికి. తడికలో గుడ్డు పెట్టాలంటే ఆవిడకంటే ముందు వెళ్ళాలి.

ఆదివారం నాలుగున్నరకు లేచాడు. కొట్టుగదిలోంచి ఒక గుడ్డు తీసి జేబులో వేసుకుని వెళ్ళి బండి తలుపు తీశాడు. తీయగానే ఎనభై కోళ్ళూ ఒక్కసారి కిందికి దూకాయి. దూకినవి ఊరుకుంటాయా, నీళ్ళకోసం కొక్కొక్కో అని గోల. గోల వింటే ఆవిడ వచ్చేస్తుంది. గబగబా నీళ్ళు పెట్టాడు. నీళ్ళు తాగినవి గింజలడిగాయి. గింజలు చల్లాడు. అంతా చేసి చూస్తే ఐదవుతోంది. బండి అక్కడే ఉంది, ఆవిడ లాగడానికి వచ్చే వేళ. ఆవిడ పొలంలోకి రాకుండా ఉండాలంటే ఆవిడ పని తాను చేసెయ్యడమొక్కటే దారి. తాడు భుజాన వేసుకుని లాగాడు. ఆరేళ్ళుగా కిటికీలోంచి చూస్తే అది తేలిగ్గానే కనిపించేది.

ఇంటికొచ్చి, "నేను జరిపేశాలే, పడుకో" అన్నాడు.

ఆవిడ దుప్పటిలోంచి ఒక కన్ను తెరిచి, "అలాగే" అని, ఆ కన్ను మూసేసింది.

ఎనిమిదింటికి వెళ్ళి గుడ్డు తెచ్చింది. బుగ్గకు ఆనించుకుని, "చల్లగా ఉందే" అంది.

"మంచు కదా."

"అప్పుడే పెట్టిన గుడ్డు వెచ్చగా ఉంటుందండీ. ఇది పెట్టి చాలాసేపయినట్టుంది. ఏ కోడీ చీకట్లో గుడ్డు పెట్టదు."

ఆ ముక్క రేపాయన మనసులో రాసుకున్నాడు. సోమవారం నుంచి పద్ధతి మార్చాడు. నాలుగున్నరకు గుడ్డు తీసి చంకలో పెట్టుకుని, ఎనిమిదికి పది నిమిషాల ముందు తడికలో దించేవాడు. ఈలోగా మూడు గంటలు చంకలో గుడ్డుతోనే నీళ్ళు మొయ్యాలి, గింజలు చల్లాలి, బండి లాగాలి, వల కంచె కొయ్యలు పీకి కొత్త మడిలో పాతాలి. అంతా ఒంటిచేత్తోనే. పొదిగే కోడికి కూడా కూర్చునే వీలుంటుంది. ఆయనకు అదీ లేదు.

"అల్లుడుగారూ, ఆ చెయ్యి ఎత్తరేం?" అంది అత్తగారు టిఫిను దగ్గర.

"పట్టేసిందండీ అత్తయ్యగారూ."

"పని అలవాటు లేని ఒళ్ళు కదా, పడుతుంది" అని, ఆవిడ ఇంకో గుడ్డు తుడిచింది.

గుడ్డు వెచ్చగా వచ్చింది. భార్య ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో అరుదు కాబట్టి ఆయన దాన్ని గెలుపు కింద జమకట్టుకున్నాడు.

బుధవారం చిన్న పొరపాటు జరిగింది. ఆ ఇంట్లో ఏ రోజు గుడ్ల మీద ఆ రోజు పేరు మొదటి అక్షరం పెన్సిలుతో రాస్తారు, పాతవి ముందు అమ్ముడుపోవాలని. ఆయన రోజూ తడివేలితో దాన్ని చెరిపేసేవాడు. ఆ రోజు కొట్టుగదిలో చీకటి, కళ్ళ నిండా నిద్ర. మరిచిపోయాడు.

భార్య తెచ్చిన గుడ్డును అత్తగారు తుడవబోయి ఆగింది.

"అమ్మాయ్, దీని మీద 'మం' అని ఉందే. ఇవాళ బుధవారం కదూ?"

రేపాయన కాఫీ గ్లాసులో ముఖం దాచుకున్నాడు.

"ఆఫీసరమ్మ కదమ్మా" అంది భార్య, ముఖంలో ఏ మార్పూ లేకుండా. "తారీఖు వెయ్యకుండా ఏదీ బయటికి పంపదు."

"ఒక రోజు ఆలస్యంగా పంపింది."

"ఆఫీసన్నాక ఆ మాత్రం ఆలస్యం ఉంటుంది."

తల్లీకూతుళ్ళు నవ్వుకున్నారు. రేపాయన అందరికంటే గట్టిగా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడో ఆయనకే తెలియదు గానీ, నవ్వకపోతే ప్రమాదమని తెలుసు.

గురువారం బండి చక్రం ఒక గుంటలో దిగబడింది. ఒంటిచేత్తో లాగితే కదల్లేదు. ఊపిరి బిగబట్టి, చంక సంగతి మరిచి, రెండు చేతులతో గుంజాడు. చక్రం గుంటలోంచి పైకొచ్చింది. చంకలో చిన్నగా టప్‌మంది.

పచ్చసొన నడుందాకా జారింది. చొక్కా మార్చుకుంటే అత్తగారు అడుగుతుంది. ఇంకో గుడ్డు కావాలి. మళ్ళీ పగిలితే? ఆలోచించి, కొట్టుగదిలోంచి రెండు తీసి రెండు చంకల్లో చెరొకటి పెట్టుకున్నాడు. గుడ్లు వెచ్చబడేదాకా బండి చుట్టూ తిరిగాడు, కుస్తీకి దిగబోయే వస్తాదులా చేతులు దూరంగా పెట్టుకుని. ఒకటి తడికలో దించుతుండగా వెనకనుంచి అత్తగారి గొంతు వినబడింది.

"ఎవరక్కడ, అల్లుడుగారేనా?"

కంగారులో రెండో చంక కూడా తెరుచుకుంది. ఊక మెత్తగా ఉండబట్టి పగల్లేదు. ఆఫీసరమ్మ తన ముందున్న రెండు గుడ్లనూ చూసి, రెండడుగులు వెనక్కి వేసింది.

ఆ రోజు భార్య రెండు గుడ్లూ రెండు చేతుల్లో పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. "శిక్షణలో చెప్పిన పంతులు వినాలి ఈ సంగతి. రోజుకు రెండు. పైగా ఒంటి వేడి తగ్గకుండా."

"మంచి గడ్డి తిన్నది కదా" అన్నాడు రేపాయన, చొక్కా పక్కన పచ్చమరక కనబడకుండా గోడవైపు తిరిగి కూర్చుని.

"తడికలో గడ్డి ఎక్కడిదండీ?"

"అంతకుముందు తిన్నది."

శుక్రవారం మొక్కలావిడ వచ్చింది. పక్క రోడ్డులో నర్సరీ పెట్టుకుని మొక్కలు అమ్ముతుంది. వారం వారం చిన్న వ్యానులో వచ్చి ఎరువు బస్తాలు తీసుకెళ్తుంది. రేపాయన అప్పుడే ఎరువు కుప్ప తిరగేస్తున్నాడు. శుక్రవారం పని శుక్రవారమే చేస్తున్నాడన్న సంగతి ఆయన గమనించలేదు. పొద్దున్నే లేచిన మనిషికి రోజు ఎంతకీ అయిపోదు, ఏదో ఒకటి చేసి చంపాలి కదా.

"వదినా" అంది మొక్కలావిడ, "రోజుకొకటి పెట్టే పెట్ట ఉందటగా మీ దగ్గర. నిన్న రెండు పెట్టిందట."

"పెట్టింది" అంది భార్య.

"నాకిచ్చెయ్యి వదినా. బదులుగా నూరు వంగ మొక్కలిస్తాను."

పార ఆగిపోయింది. "అది ఇచ్చే కోడి కాదండీ" అన్నాడు రేపాయన.

"ఏం అన్నయ్యగారూ, దానికేమైనా లోపమా?"

"లోపమేం లేదు. దానికి ఈ నేల అలవాటు. చోటు మారితే పెట్టదు."

"పెట్టకపోతే ఏముంది, కోసుకుంటాం."

"రేపు ఎనిమిదింటికి వచ్చి తీసుకెళ్ళు" అంది భార్య. "అన్నట్టు సూపాయన కూడా ఆ వేళకే వస్తాడు. ఇక దీనికోసం ఆయనతో పని లేదని చెప్పేస్తాను."

రేపాయన పార మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. ఆరు రోజులు కష్టపడి ఆ కోడిని సూపు గిన్నెలోంచి తీసి కూర గిన్నెలో వేశాడన్నమాట. జీవితంలో మొదటిసారి ఒక పనిని మరీ బాగా చేశాడు. బాగా చేస్తే ఏమవుతుందో తెలిసింది. అందుకే ఇన్నాళ్ళూ చెయ్యలేదు.

సాయంత్రం బండి దగ్గర కూర్చుని ఆఫీసరమ్మకు సంగతంతా చెప్పాడు.

"ఒక్కటి పెట్టు" అన్నాడు చివరికి. "ఒక్కటంటే ఒక్కటి. నిజంది. నీ సొంతంది."

"క్రో" అంది అది. వినడం వరకే దాని ఉద్యోగం.

శనివారం ఎనిమిదింటికి అందరూ బండి దగ్గరే ఉన్నారు. ఒకవైపు సూపాయన బుట్ట, ఇంకోవైపు మొక్కలావిడ బుట్ట. అత్తగారు కుర్చీ తెప్పించుకుని కూర్చుంది. భార్య తడిక విప్పి ఆఫీసరమ్మను చంకలో పెట్టుకుని, మొక్కలావిడ బుట్టవైపు ఒక అడుగు వేసింది.

"ఆగు" అన్నాడు రేపాయన. "అది గుడ్లు పెట్టదు."

"మరి ఈ వారంలో వచ్చిన ఏడు గుడ్లు?"

ఆయన మడిలో గడ్డివైపు తిరిగాడు. "నేనే పెట్టాను."

"మీలో ఇంత ఉందని నాకు తెలియదు అల్లుడుగారూ" అంది అత్తగారు.

సూపాయన మర్యాదస్తుడు. నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. దగ్గి, "అయితే అమ్మా, ఇది నా బుట్టకేగా?" అని మూత తీశాడు.

"పద్ధతి ప్రకారం అంతేగా" అంది భార్య.

రేపాయన ముందుకొచ్చి కోడిని ఆవిడ చేతుల్లోంచి తీసేసుకున్నాడు. ఇరవై మూడేళ్ళలో ఆవిడ చేతిలోంచి ఆయన ఏదైనా తీసుకున్నది అదే మొదలు. కోడిని గుండెకు ఆనించుకుంటే కొట్టుకుంటున్నది దాని గుండో తన గుండో తెలియలేదు.

"ఇవ్వను. దీనికయ్యే గింజలకు సరిపడా పని నేను చేస్తాను."

"ఏం పని?"

"బండి లాగుతాను. నీళ్ళు పెడతాను. కంచె మారుస్తాను."

"ఎంత పొద్దున్నే?"

"నువ్వు లేచేలోపు."

"ఈ వారమంతా చేసినట్టా?"

"చేసినట్టే" అన్నాడు. అనేశాక, ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచించి నెమ్మదిగా తలెత్తాడు. "నీకు తెలుసా?"

"పౌడరు నాది. క్రీము నాది. గుడ్డు మీద రాత నాది. చొక్కా ఉతికింది నేను. ఇంకెవరికి తెలియాలి?"

"మరి మొదటిరోజే అడగొచ్చుగా."

"అడుగుదామనే అనుకున్నానండీ. ఆదివారం మీరొచ్చి పడుకో అన్నారు. ఆరేళ్ళ తర్వాత ఏడింటిదాకా పడుకున్నాను. మర్నాడు అడుగుదామనుకున్నా, మర్నాడూ నిద్ర బాగా పట్టింది."

రేపాయన మొక్కలావిడవైపు తిరిగాడు. "మీరు మాత్రం ఏంటండీ. మీ కోళ్ళతో పాటు దీన్నీ పెంచుకుంటారనుకున్నా గానీ, కోసుకుంటామంటారా?"

"నాకు కోళ్ళెక్కడివి అన్నయ్యగారూ, వదిన అడగమంటే అడిగాను గానీ" అంది మొక్కలావిడ బుట్టలో ఎరువు నింపుకుంటూ. "నారుమళ్ళ మీద బతికేదాన్ని. ఒక్క కోడి లోపలికొస్తే సాయంత్రానికి ఒక్క మొలక మిగులుతుందా? మొక్కలమ్ముకునేవాళ్ళు కోడిని పెంచడం ఎక్కడైనా చూశారా?"

చూడలేదు. ఆరేళ్ళుగా కోళ్ళు నేలను ఎలా కెలుకుతాయో మంచం మీంచి చూస్తూనే ఉన్నాడు, ఆ ముక్క మాత్రం తట్టలేదు. సూపాయన ఖాళీ బుట్ట కట్టుకుని, "నన్నెందుకు రమ్మన్నారమ్మా మరి?" అన్నాడు.

"బుట్ట కనబడితేగానీ మనిషికి నోరు రాదు బాబూ" అంది అత్తగారు కుర్చీలోంచి లేస్తూ. "కాఫీ తాగి వెళ్ళు."

తర్వాతి వారమంతా మామూలుగా గడిచింది. మామూలుగా అంటే, నాలుగున్నరకు రేపాయన, ఏడింటికి ఆవిడ. ఆఫీసరమ్మ తడిక లేకుండా తిరుగుతోంది, ఎక్కడా ముక్కు పెట్టకుండా. మధ్యాహ్నం మంచం దగ్గరికొచ్చేది గానీ, ఆయన రెండు మాటలు చెప్పేలోపే గుర్రు పెట్టేవాడు. అది కాసేపు ఒంటికాలి మీద నిలబడి చూసి వెళ్ళిపోయేది.

శనివారం తెల్లవారుతుండగా ఆవిడ టార్చి పట్టుకుని బండి దగ్గరికొచ్చింది. ఆఫీసరమ్మను ఎత్తింది. కాళ్ళు చూసింది. పౌడరంతా పోయి మళ్ళీ నిమ్మపండులా నిగనిగలాడుతున్నాయి. ఇంత పచ్చగా ఎప్పుడూ లేవు.

రేపాయన తాడు చుట్టడం ఆపాడు.

"బండి జరిపారా?"

"జరిపాను."

"కొత్త మడిలో కంచె?"

"పాతాను."

ఆవిడ కోడిని ఎడమ చంకలో సర్దుకుని, "ఏవీ, చేతులు చూపించండి" అంది.

ఆయన రెండు అరచేతులూ చాపాడు. తాడు ఒరుసుకున్న చోట బొబ్బలెక్కి, బొబ్బలు చితికి, చర్మం గట్టిపడుతోంది. ఆవిడ బొటనవేలితో ఒక్కోచోటా నొక్కి చూసింది. గట్టిగా ఉన్నచోట ఇంకొంచెం గట్టిగా నొక్కింది. తర్వాత టార్చి ఆర్పేసి, కోడిని గడ్డిలో దించింది.

"సరే. ఈ వారానికి ఉండొచ్చు" అంది.

కోడితో అందో తనతో అందో ఆయనకు తెలియలేదు. అడిగే ధైర్యమూ చెయ్యలేదు.